సూళ్లూరుపేటలో పండోరా

గుమ్మిడిపూండి దాటేసరికి లోకల్ ట్రైను సగం ఖాళీ అయింది. మాండూస్ తుపాను వదిలి వెళ్లిన నీళ్లు పొలాల్లో ఇంకా నిలిచే ఉన్నాయి. ఎళావూరు, ఆరంబాక్కం, ఆ తర్వాత తడ. ఆంధ్ర మొదలైంది. "పెదనాన్నా, ఇంకెంతసేపు?" అన్నాడు మా తమ్ముడి కొడుకు.

2009లో మొదటి 'అవతార్' వచ్చినప్పుడు వీడింకా పుట్టలేదు. రెండో భాగానికి జేమ్స్ కామెరాన్ పదమూడేళ్లు తీసుకున్నాడు. ఆలోపు వీడు పుట్టి, బడిలో చేరి, మొదటి భాగాన్ని ఫోనులో చూసేశాడు. ఆ సినిమాలోని పండోరా లోకాన్ని అరచేతిలో చూసినవాడికి దాని అసలు కొలత చూపించాలన్నది నా పట్టుదల. ఇంత దూరం బయల్దేరింది చెన్నైలో మంచి హాళ్లు లేక కాదు. సూళ్లూరుపేట హైవే పక్కన వి ఎపిక్ అనే థియేటరుంది. 2019 ఆగస్టులో 'సాహో'తో మొదలైంది. తెర వెడల్పు 100 అడుగులు, ఎత్తు 54. ఇంత తెర మహానగరంలో కాకుండా ఇంత చిన్న ఊళ్లో ఉండటం నాకు ఎప్పటికీ ఇష్టమైన సంగతి. దానికోసం చెన్నై వాళ్లే కార్లేసుకుని రాష్ట్రం దాటి వస్తారు.

మాది మధ్యాహ్నం ఆట. పొద్దున్నే దిగాం కాబట్టి చెంగాళమ్మకు దణ్ణం పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని శ్రీహరికోట రోడ్డున పడ్డాం. ఆ రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. అటూ ఇటూ నీళ్లే. ఫ్లెమింగోలు మాత్రం ఎక్కడో దూరాన గులాబీ గీతలా కనిపించాయి. "వానలకి నీళ్లెక్కువైనాయి సార్. లోతు తగ్గితే రోడ్డు పక్కకే వచ్చి మేస్తా ఉంటాయి, సంక్రాంతి దాటినాక రండి" అన్నాడు ఆటో అతను. ముక్కును తలకిందులుగా ముంచి, బురదనీటిని వడగట్టుకుని తినే పక్షులవి. తక్కువ లోతుంటేనే వాటికి సుఖం. మా వాడు దూరంగా ఉన్న ఆ గీతనే చాలాసేపు చూశాడు. త్వరపెట్టకుండా నేనూ నిలబడ్డాను. తర్వాత హాల్లో మాకు అక్కరకొచ్చింది ఈ ఓపికే.

రోడ్డు ఆ చివర అంతరిక్ష కేంద్రం, షార్. ముందు నెలలోనే హైదరాబాదు కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ ఇక్కణ్నుంచి లేచింది. ఆ వెంటనే 26న పీఎస్‌ఎల్‌వీ-సి54. సూళ్లూరుపేటలో రాకెట్టును మేడెక్కి చూస్తారు.

సినిమా మొదట్లోనే మనుషుల నౌకలు పండోరా మీద దిగుతాయి. ఇంజన్ల మంటకు అడవి మైళ్లకు మైళ్లు కాలిపోతుంది. ఆ శబ్దానికి కుర్చీలు అదిరాయి. షార్‌లో కాంట్రాక్టు పనులు చేస్తానని ఇంటర్వెల్లో చెప్పిన మా పక్కాయన దాన్ని మెచ్చుకున్నాడు. "ఇంత దగ్గర్నించి మేమూ ఎప్పుడూ వినలేదు. మాకు ముందు వెలుగు కనపడుద్ది, శబ్దం నిమిషానికి గానీ ఊళ్లోకి రాదు" అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. షార్ నుంచి ఊరి దాకా అంత దూరం దాటి రావడానికి శబ్దానికి దాదాపు నిమిషం పడుతుంది.

మూడు గంటల పన్నెండు నిమిషాల సినిమా. కథ పెద్దదేమీ కాదు. తరుముకొస్తున్న శత్రువు నుంచి పిల్లల్ని కాపాడుకోవడానికి ఒక తండ్రి అడవి వదిలి సముద్రపు ఒడ్డు జాతి దగ్గర తలదాచుకుంటాడు. ఈ కథ మనకు తెలుసు. అయినా నడిమి గంట కోసం నేను ఎంత దూరమైనా వెళ్తాను. అక్కడ దాదాపు ఏమీ జరగదు. పిల్లలు ఈదడం నేర్చుకుంటారు. ఊపిరి నిలపడం, గుండె వేగం తగ్గించుకోవడం నేర్చుకుంటారు. నీటి అడుగున వెలుగు కదులుతుంటుంది. వంద అడుగుల తెర మీద చూపు ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పరు, మనమే వెతుక్కోవాలి. తెలుగు మాటలు అవసరాల శ్రీనివాస్ రాశారు. కింద అక్షరాలు చదివే పని లేక కళ్లు మొత్తం బొమ్మకే దక్కాయి. పక్కకు చూస్తే మా వాడు పాత్రలతో పాటు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఆ ఊపిరి నటులది కూడా. తొమ్మిది లక్షల గ్యాలన్ల తొట్టె కట్టి, నీళ్లలోనే వాళ్ల కదలికల్ని పట్టారు. సిలిండర్లు పెట్టుకుంటే బుడగలు అడ్డొస్తాయని నటులకు ఊపిరి బిగబట్టడం నేర్పించారు. శిక్షణలో కేట్ విన్స్‌లెట్ ఏడు నిమిషాలు దాటి నిలిపింది. పై దీపాల కాంతి నీళ్లలోకి దిగి కెమెరాలను తికమకపెట్టకుండా ఉపరితలమంతా తెల్లటి చిన్న బంతులు పరిచారు. కామెరాన్ 2012లో ఒంటరిగా మరియానా అగాధం అడుగుకు, దాదాపు పదకొండు కిలోమీటర్ల లోతుకు దిగి వచ్చినవాడు. సముద్రం మీద అతని ప్రేమ ప్రతి ఫ్రేములో తెలుస్తుంది.

చివరి గంట యుద్ధానిది. బాగా తీశాడు, కానీ నా మనసు అంతకుముందు వచ్చిన వేట దగ్గరే ఉండిపోయింది. తుల్కున్ అనే తిమింగలం లాంటి జీవిని, ఒక తల్లిని, తరిమి తరిమి చంపుతారు. దాని మెదడులోంచి ఒక చిన్న సీసాడు ద్రవం తీసుకుంటారు, మనుషులకు ముసలితనం రాకుండా. మిగతా దేహమంతా నీళ్లపాలు. ఆరొందల మందికి పైగా పట్టే ఆ హాల్లో ఎవరూ ఈల వేయలేదు.

చెన్నై బస్సెక్కాక మా వాడు అడిగాడు. "ఆ వేట ఉత్తదే కదా పెదనాన్నా?"

తుల్కున్‌లు లేవు గానీ, వేట నిజమేనన్నాను. స్పెర్మ్ తిమింగలం తలలోని నూనె కోసం, కొవ్వొత్తుల కోసం, దీపాల కోసం ఓడలు సముద్రాలన్నీ తిరిగాయని చెప్పాను. ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే రకరకాల తిమింగలాలు లక్షల్లో పోయాయని, వ్యాపారం కోసం వేటాడొద్దని 1982లో దేశాలు తీర్మానిస్తే 1986 నుంచి అది అమల్లోకి వచ్చిందని చెప్పాను.

"అంటే ఆపేశారా?"

"అందరూ కాదు."

"ఎవరు ఆపలేదు?"

జపాన్, నార్వే, ఐస్‌లాండ్ అన్నాను. తడ చెక్‌పోస్టు వచ్చేలోపు ఆ మూడు దేశాల గురించి ఫోనులో దొరికినంతా చదివి, కోపంగా నాకు వినిపించడం మొదలుపెట్టాడు.