శక్కర్‌నగరమున మధుమేహ విచారము

నిజామాబాదునకు పూర్వనామము ఇందూరు. అచ్చటినుండి పడమరగా ఇంచుమించు 25 కిలోమీటర్లు పోయినచో బోధను చేరుదుము. భీమసేనుడు బకాసురుని వధించిన ఏకచక్రపురము ఇదియే యని ఇచ్చటివారి నమ్మకము. మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీరు ఈ నేలను చెఱకు సీమగా మార్చినది. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. అది యున్న చోటికి శక్కర్‌నగరమను పేరు కలిగినది. 2015లో కర్మాగారము మూతపడినను ఆ పేరు నిలిచియే యున్నది.

మధుమేహమును సైతము జనులు చక్కెరవ్యాధి యనియే పిలుతురు. ఊరిపేరును వ్యాధిపేరును కలియుటచే నేరమంతయు తీపిపై మోపుట సులభము. కాని 2023లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన అధ్యయనము ప్రకారము మనదేశమున 10.1 కోట్లమంది ఈ వ్యాధిగ్రస్తులు. వీరందఱును తీపి తినియే రోగులైరని చెప్పుట తగదు.

ఈ జిల్లా వీథులలో నడచి చూడుడు. స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుచుందురు. తునికాకును తడిపి, కత్తిరించి, పొగాకు నించి, చుట్టి, దారము కట్టుదురు. కూలి వేయింటి కింత యని లెక్క. లెక్క తీఱువఱకు లేచుటకు మనసొప్పదు. అన్నమునకు వేళ తప్పును; చక్కెర వేసిన చాయతో ఆకలి నణచుకొందురు. ఆకు చెడినను, పనిదినములు తగ్గినను ఇల్లు గడచుట యెట్లను బెంగ.

ఆ బెంగ మనస్సుననే యుండిపోదు. కలత కలిగినపుడు అడ్రినలిన్, కార్టిసాల్ అను స్రావములు హెచ్చును. కాలేయము తాను దాచిన చక్కెరను రక్తములోనికి విడుచును. ఆపదనుండి పరుగెత్తువానికి ఆ చక్కెర బలము. కూర్చుండి చింతించువానికి అది భారము.

మన పూర్వులు దీని నెఱుగనివారు కారు. సుఖముగా కూర్చుండుటను, అధికనిద్రను, క్రొత్తధాన్యమును, బెల్లపు పదార్థములను చరకుడు ప్రమేహహేతువులుగా చెప్పెను. నూఱు యోజనములు నడువుమని, బావి త్రవ్వుమని సుశ్రుతుడు విధించెను. చెప్పులు లేక నడువుమన్నమాట మాత్రము నేడు పాటింపరాదు. మధుమేహికి పాదమున చిన్నగాయమైనను ప్రమాదమే.

నూఱు యోజనములకు తీఱిక లేనివారు అరగంట కొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. భోజనానంతరము పదినిమిషములు నడచిన మేలు. చాయలో చక్కెర మానవలెను. జొన్నరొట్టెయైనను, గట్కయైనను మితముగా తిని, పప్పును ఆకుకూరను హెచ్చింపవలెను. మందు వేసికొని అన్నము మానరాదు. చెమట, వణకు, గుండెదడ కలిగినపుడు బెంగవలన నని కొందఱు పొరపడుదురు. రక్తమున చక్కెర పడిపోయినను ఇట్లే యగును. పరీక్షించుటకు వీలులేనిచో జాగు చేయక మూడు చిన్న చెంచాల చక్కెరను నీట కలిపి త్రాగవలెను. పావుగంటలో తేఱుకొననిచో మరల త్రాగవలెను. తేఱుకొనినపిదప అన్నము తినవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక వైద్యునియొద్దకు చేర్పవలెను. మూడు మాసముల సగటును తెలుపు రక్తపరీక్షను వైద్యుడు చెప్పిన వేళకు చేయించుకొనవలెను.

వీనికన్న కష్టమైనది రోగమును దాచకుండుట. చెప్పిన పని తగ్గునని, కూలి పోవునని, పెండ్లికావలసిన పిల్లకు మాట వచ్చునని స్త్రీలు దాచుదురు. ఏకచక్రపుర వాసులు బకునకు ఇంటికొక వంతు చొప్పున తమవారిని పంపుచు, ఎవరి యింట వారు ఏడ్చిరి. కుంతీదేవి మాత్రము తాము బసచేసిన యింటివారి యేడుపు విని, లోనికి పోయి కారణ మడిగినది. బకుని వధకు మొదలు ఆ ప్రశ్నయే. సోదరీమణులారా, మీ యింట అలసి, దప్పిగొని, చిక్కిపోవు అత్తయో, తోడికోడలో, బిడ్డయో యున్నచో నేడే అడుగుడు; అడిగి, రక్తపరీక్షకు వెంటబెట్టుకొని పొండు.