బహదూర్‌పురాలో ఒక పగలు

సోమవారం జూకు సెలవు. ఈ చిన్న సంగతి తెలియక మూడేళ్ల క్రితం మద్రసా పిల్లలను మహబూబ్‌నగర్ నుండి హైదరాబాద్ వరకు తీసుకెళ్లి, మూసి ఉన్న గేటును చూపించి వెనక్కి తెచ్చినవాళ్లం మేము. అందుకే ఈసారి గురువారం బయలుదేరాము. ఫజ్ర్ నమాజు ముగించుకుని, బగారా అన్నం, దాల్చా గిన్నెలతో ముప్పై ఇద్దరు పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులము బస్సెక్కాము. ఆరాంఘర్ దాటి బహదూర్‌పురా చేరేసరికి తొమ్మిదయింది.

మీర్ ఆలం చెరువును ఆనుకుని సుమారు 380 ఎకరాలలో ఉన్న ఈ నెహ్రూ జంతు ప్రదర్శనశాలను 1963 అక్టోబరులో ప్రజల కోసం తెరిచారు. అంతకు ముందు జంతువులు బాగె ఆమ్‌లో ఉండేవి. అక్కడి నుండి వచ్చిన ఒక మహా తాబేలు 2024లో మరణించినప్పుడు దాని వయసు 125 ఏళ్లని అధికారులు ప్రకటించారు. మా ఊరికి తన పేరు ఇచ్చిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హయాంలో పుట్టిన జీవి అన్నమాట. ఈ మాట విన్నాక పిల్లలు మిగిలిన తాబేళ్లకు కూడా పెద్దవాళ్లకు చెప్పినట్టు సలాం చెప్పసాగారు. మేము వారించలేదు.

సఫారీ బస్సులో మాత్రం ఎవరి నోటా మాట లేదు. దారికి అడ్డంగా పడుకున్న సింహం లేచి, తాపీగా మా కిటికీ పక్కకు వచ్చి నిలిచింది. మాకూ దానికీ నడుమ ఇనుప జాలి ఒక్కటే. జూలులో చిక్కుకున్న ఎండుగడ్డి పరకలు కనిపిస్తున్నాయి. ఊపిరి వినిపిస్తోంది. ఈ జాతి ఆసియా సింహం నేడు స్వేచ్ఛగా బతికేది గుజరాత్‌లోని గిర్ అడవుల్లో, వాటి పరిసరాల్లో మాత్రమే. తరగతిలో ఎంత గద్దించినా ఊరుకోని పిల్లలు బస్సు దిగాక కూడా కాసేపు గుసగుసగానే మాట్లాడుకున్నారు.

చెట్ల నీడలో జుహ్ర్ నమాజు చేసి, భోజనాలయ్యాక పులి దగ్గరకు వెళ్లాము. అది కందకానికి ఆవల ఒకే దారిలో అటూ ఇటూ నడుస్తోంది. ఆ దారి మేర గడ్డి మొలవలేదు. హిఫ్జ్ చదివే పదకొండేళ్ల కుర్రవాడొకడు అక్కడే నిలిచిపోయాడు.

"హజ్రత్, మొన్న మీరు పిల్లి హదీసు చెప్పారు కదా. వీటికి తిండి పెడుతున్నారు. కాని వదలడం లేదు కదా?"

పిల్లిని కట్టేసి, తాను తిండి పెట్టక, వెళ్లి పురుగూ పుట్రా తిని బతకనివ్వక చంపిన స్త్రీకి పడిన శిక్షను గురించిన హదీసు అది. పండితులు చెప్పిన సమాధానమే మేమూ చెప్పాము. ఆ స్త్రీ దోషం ఆకలితో చంపడం. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) కాదనలేదు సరికదా, ఆ పిట్ట క్షేమం ఆప్యాయంగా అడిగేవారు. తిండీ నీరూ చూసుకుంటూ పెంచవచ్చనే అనుమతికి పండితులు దీన్నే ఆధారంగా తీసుకున్నారు. అంతేకాదు, ఈ జూలోనే సంతతి పెంచిన మూషిక జింకలను 2017లో మన పాత జిల్లాలోని అమ్రాబాద్ అడవిలో వదిలారని కూడా చెప్పాము.

వాడు తల ఊపాడు. "మంచిదే హజ్రత్. మరి పులి?" అన్నాడు.

బోనులో పుట్టి పెరిగిన పులి అడవిలో వేటాడి బతకలేదన్నాము. అది నిజమే. అయినా ఆ మాట మా గొంతులో అంత గట్టిగా పలకలేదు. కారణం ఉంది. ఆ కుర్రవాడు రోజూ పాలగిన్నె ఇవ్వడానికి మా ఇంటికి వస్తాడు. వసారాలో వేలాడే రామచిలుక పంజరం వాడికి తెలుసు. అయినా దాని మాట ఎత్తలేదు. గురువు మర్యాద కాపాడాడో, అసలు గుర్తుకే రాలేదో!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను ఇంట్లో పెంచకూడదు. ఇది మాకు తెలియనిది కాదు. నాలుగేళ్ల క్రితం చిన్నమ్మాయి ముచ్చటపడిందని కొన్నాము, అంతే. అమ్మినవాడు రెక్కలు కత్తిరించి ఇచ్చాడు. ఆ తర్వాత మేమూ కత్తిరిస్తూ వచ్చాము. ఒక్కసారిగా వదిలేస్తే వీధి పిల్లి పాలవుతుంది.

ఇల్లు చేరేసరికి ఇషా దాటింది. చిన్నమ్మాయి ఇంకా మేలుకునే ఉండి సింహం సంగతులు అడిగింది. అన్నీ చెప్పి, ఆఖరున చిలుకను అటవీ శాఖ వారికి అప్పగిద్దామని కూడా చెప్పాము. ఈ వారం వెళ్లాలి. అమ్మాయి మాతో మాట్లాడి రెండు రోజులయింది.