బూజుకర్రకి అందని బూజు

మా ఇంట్లో బూజు దులపడమంటే చిన్న యుద్ధం. సంక్రాంతి ముందు తలకి పాత తువ్వాలు చుట్టుకుని నేను బూజుకర్ర పట్టుకున్నానంటే, మావారు పేపరు తీసుకుని వీధి అరుగు మీదికి తప్పుకుంటారు. కానీ కర్రకి లొంగని బూజు కూడా ఒకటుందని మా అత్తయ్యగారి గది నాకు నేర్పింది.

మాది కాకినాడ. సముద్రపు గాలి, ఉప్పు చెమ్మ. వానలు మొదలయ్యాయంటే ఆ గది ఉత్తరపు గోడ మీద ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు లేచేవి. నేను ఏటా దాని మీద ఓ పూత రంగు వేయించేసేదాన్ని. దసరాకి గోడ పెళ్ళికూతురే! కార్తీకం వెళ్ళేలోగా మళ్ళీ ఆవాలు!

"సున్నం గోడలకి ఇంత ఉండేది కాదు అమ్మాయ్" అనేవారు అత్తయ్యగారు దగ్గుతూ. నా రంగు నచ్చక అంటున్నారనుకున్నాను. దగ్గేమో వయసు వల్ల అనుకున్నాను. పెద్దవాళ్ళకి ఏమొచ్చినా వయసు మీదికి తోసెయ్యడం ఎంత సుళువండీ!

కిందటేడు రంగులతను వచ్చి బీరువా జరిపాడు. వెనకంతా నలుపే.

"రంగేస్తే బూజు చావదమ్మగారూ. దానిక్కావలసింది తడి. ముందు అదెక్కడిదో చూడండి" అన్నాడు.

చూశాను. డాబా మీద పగులుంది, నిజమే. కానీ బీరువాని గోడకి ఆనించిందెవరు? నేనే. దోమలని కిటికీ బిగించిందీ, వానరోజుల్లో తడిబట్టలు ఆ గదిలో ఆరేసిందీ నేనే.

పగులు పూడ్పించాం. పొడిగా దులిపితే బూజు గాలిలో లేచి ఇల్లంతా పడుతుందట. అందుకని ముక్కుకి గుడ్డ కట్టుకుని సబ్బునీళ్ళతో తోమాను. (బ్లీచింగు వాడేవాళ్ళు అందులో వెనిగరూ, యాసిడ్డూ కలపకండి. విషవాయువు పుడుతుంది.) గోడ బాగా ఆరాకే రంగు వేయించాం. బీరువా జానెడు ఇవతలికి వచ్చింది. కిటికీకి దోమల వల బిగించాం. అన్నట్టు, సున్నం ఘాటుకి బూజు తొందరగా పట్టదన్న మాటా నిజమేనట!

ఈ వానాకాలం చుక్కలు లేవలేదు. అత్తయ్యగారి దగ్గు పూర్తిగా పోలేదు గానీ, రాత్రిళ్ళు నిద్రపోతున్నారు.

మొన్న కాఫీ ఇవ్వడానికి వెళితే కిటికీ దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నారు.

"మన వేపచెట్టు ఎంత ఎదిగిపోయిందో చూశావుటే? మూడేళ్ళయింది దాన్ని చూసి" అన్నారు.

కాఫీ చల్లారిపోతోందంటూ గ్లాసు చేతికిచ్చి, గబగబా వంటింట్లోకి వచ్చేశాను.