పదమూడో నెల

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే ఏమీ తోచక మా ఇంటి ఫోన్ల లెక్క వేద్దామని కూర్చున్నాను. ఇల్లంటే కుకునూరుపల్లి. హైదరాబాదు నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు వెళ్తుంటే ప్రజ్ఞాపూర్ దాటాక, సిద్దిపేట రాకముందు తగులుతుంది. కరోనా రోజుల్లో లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చినవాణ్ణి, ఇప్పటికీ వారంలో మూడు నాలుగు రోజులు ఇక్కణ్ణుంచే పని చేస్తున్నాను. బిల్లులన్నీ నా ఖాతాలోంచే పోతాయి కాబట్టి ఆ లెక్క చూసే హక్కు కూడా నాదే అనుకున్నాను. ఈ 'అనుకున్నాను' దగ్గరే కథంతా ఉంది, చివర్లో చెప్తాను.

ముందు లెక్క. ఫైబర్ నెట్ 100 ఎంబీపీఎస్, నెలకి 799. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 943. నా సిమ్ముకి 349, బాపుకి 299, అమ్మకి 299. ఇవి కాక కాలేజీ రోజుల నాటి నా రెండో సిమ్ ఒకటి, బ్యాంకు ఓటీపీల కోసమే బతుకుతోంది, దానికి 199. సిమ్ములన్నీ కలిపి 1146. నెట్టుతో కలిపి నెలకి 2089. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 25,068. అమ్మో అనిపించింది. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చి చూస్తే ఇంకో వెయ్యి పైచిలుకు తేడా వచ్చింది!

బగ్ ఎక్కడుందో దొరకడానికి పది నిమిషాలు పట్టింది. రీచార్జి నెల 28 రోజులు. 365ని 28తో భాగిస్తే పదమూడు. అంటే సిమ్ములకి మనం ఏడాదికి పదమూడు నెలలు కడుతున్నాం. జీతం మాత్రం పన్నెండు నెలలకే :) మా ఇంట్లో ఆ పదమూడో నెల విలువ 1146 రూపాయలు. మొత్తం 26,214. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లానూ, ప్రతి నెలా అదే తారీఖుకి వచ్చే ప్లాను ఒకటీ పెట్టాలని ట్రాయ్ 2022 జనవరిలోనే ఆదేశాలిచ్చింది. ఉన్నాయి కూడా. మనమే వెతుక్కోం, యాప్‌లో ముందు కనబడింది నొక్కేస్తాం.

సరే, కోతలు మొదలుపెట్టాను.

మొదటిది నెట్టు. 100 ఎంబీపీఎస్ పెట్టించింది నేనే. మీటింగుల్లో నా గొంతు తెగిపోతోందని 40 నుంచి పెంచుకున్నాను. పెంచినా తెగుతూనే ఉంది! నిజానికి ఒక వీడియో కాల్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. ఫుల్ హెచ్‌డీ సినిమాకి ఐదు. మరి తెగడం ఎందుకంటే, రౌటర్ ముందు గదిలో ఇనుప బీరువా పక్కన ఉంది. నేను కూర్చునేది వెనక గదిలో. మధ్యలో పాతకాలం నాటి మందపాటి గోడలు రెండు. ఐదు గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా వెళ్తుంది గానీ గోడల ముందు చతికిలబడుతుంది. రౌటర్‌ని నడిమి గదిలోకి మార్చి, అక్కణ్ణుంచి నా బల్ల దాకా ఒక లాన్ కేబుల్ లాగాను. ఆ తర్వాత ప్లాన్‌ని మళ్ళీ 40కి దించాను. 499, టాక్సుతో 589. ఏడాదికి 4,248 మిగులు. ఇన్నాళ్ళూ బీరువాకి కట్టిన అద్దె అన్నమాట. మీరూ స్పీడు పెంచుకునే ముందు కేబుల్ తగిలించి ఒకసారి టెస్ట్ చేసి చూడండి. కేబుల్‌లో సరిగ్గా వస్తే జబ్బు ప్లానుది కాదు.

రెండోది అమ్మ ఫోను. అమ్మది కీప్యాడ్ ఫోను. దానికి నేను రోజూ డేటా వచ్చే ప్యాక్ వేస్తున్నాను! ఎందుకంటే వేరే దారి ఉండేది కాదు. కాల్స్ కావాలంటే డేటా కూడా కొనాల్సిందే. 2024 డిసెంబరు 23న ట్రాయ్ నిబంధనలు మార్చి, కాల్స్, ఎస్సెమ్మెస్‌లకి మాత్రమే పనికొచ్చే ప్యాకులు తప్పనిసరిగా పెట్టాలంది, గడువు కూడా 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోవచ్చంది. 2025 జనవరిలో కంపెనీలు పెట్టాయి. సవరించాక ఎయిర్‌టెల్‌లో 84 రోజులకి 469, ఏడాదికి 1849. జియోలో 84 రోజులకి 448. (ఈ రేట్లు అప్పటివి. మీరు చూసేసరికి మారి ఉండొచ్చు, చూసుకోండి.) అమ్మనడిగితే, "నాకు నెట్టెందుకురా? పచ్చ బటన్ నొక్కితే మాట్లాడతది, ఎర్రది నొక్కితే బందైతది, గంతే" అంది. ఇంతకన్నా స్పష్టమైన రిక్వైర్‌మెంట్ మా క్లయింటు కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. 1849 ప్యాక్ వేశాను. పాత లెక్కన 3,887. మిగులు 2,038.

మూడోది నా రెండో సిమ్. దీని విషయంలో మాత్రం తొందరపడకండి. రీచార్జి ఆపేసి వదిలేస్తే కొన్నాళ్ళకి ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది. అప్పుడు మీ బ్యాంకు ఓటీపీ వాళ్ళకి పోతుంది. ముందు బ్యాంకులో, ఆధార్‌లో, పీఎఫ్‌లో, డీమ్యాట్‌లో, ఈమెయిల్ రికవరీలో నంబరు మార్చాలి. నాకు ఇదంతా అయ్యేసరికి నెలన్నర పట్టింది. మిగులు 2,587.

నాలుగోది బాపు ఫోను. అసలు సంగతి ఇక్కడుంది.

బాపుది స్మార్ట్‌ఫోనే. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూస్తే నెలంతా కలిపి మొబైల్ డేటా ఒక జీబీ కూడా వాడలేదు. వార్తలు, యూట్యూబ్, వాట్సాప్ అన్నీ ఇంట్లో వైఫై మీదే. ఇంకేం, డేటా దండగ అని తేల్చేసి 469ది వేశాను. బాపుకి ఒక మాట చెప్పాను కూడా. "నీ ఇష్టం బిడ్డా" అన్నాడు. నేను దాన్ని అప్రూవల్ అనుకున్నాను.

మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం, నేను స్ప్రింట్ ప్లానింగ్‌లో ఉండగా బాపు మిస్డ్ కాల్ ఇచ్చాడు. కాల్స్ ఎన్ని చేసుకున్నా ఫ్రీ అయిన ఈ రోజుల్లో కూడా బాపు మిస్డ్ కాలే ఇస్తాడు. నేను సిద్దిపేటలో హాస్టల్లో చదివే రోజుల అలవాటు అది. ఒక రింగంటే 'క్షేమం', రెండు రింగులంటే 'నువ్వు చెయ్యి'. అలా ఒక్క పైసా ఖర్చు లేకుండా ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాం. ఆ రోజు ఎన్ని రింగులొచ్చాయో నేను చూడలేదు. సాయంత్రం చేస్తే, "ఏం లే బిడ్డా, ఊకనే చేసిన" అన్నాడు.

పది రోజుల తర్వాత అమ్మ చెప్పింది. ఆ రోజు బాపు గజ్వేల్‌లో ఎరువుల దుకాణానికి వెళ్ళాడట. వరికి మందు కొని, స్కానర్ మీద ఫోన్ పెడితే నెట్ లేదు. జేబులో డబ్బుల్లేవు. వెనక నలుగురు తెలిసినవాళ్ళే నిలబడి ఉన్నారు. రెండు మూడు సార్లు ఫోన్ ఆపి పెట్టి చూశాడట. చివరికి "రేపిస్త సేటూ" అని ఉద్దెర పెట్టించుకుని వచ్చాడు. మర్నాడు బస్సెక్కి వెళ్ళి డబ్బులు కట్టొచ్చాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, "వాడు ఖర్సు తగ్గిద్దామని జేసిండు, మల్ల మనం అడిగితే ఏం బాగుంటది" అన్నాడట.

నాకు కాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఫోన్‌పేలో ఒకసారి డబ్బులు పంపడానికి పట్టే డేటా ఎంతండీ? కిలోబైట్లలో ఉంటుంది. నేను చూసిన లెక్కలో అది కనిపించనే కనిపించదు. నెలకి ఒకట్రెండు సార్లే వస్తోంది కదా అని ఒక సర్వీసుని ఆపేస్తే, తీరా అది నెలాఖరున జీతాలు వేసే జాబ్ అయినట్టు! ఈ తప్పు ఆఫీసులో ఎవరైనా చేస్తే నేనే ముందు లేచి, యూజర్‌ని అడిగావా అంటాను. ఇంట్లో మాత్రం అడక్కుండా చెప్పి వచ్చాను. చెప్పడం వేరు, అడగడం వేరు.

మా పెద్దమ్మ కొడుకు అన్న ఒకడు 2000ల్లో హైదరాబాదులో బీఎస్‌ఎన్‌ఎల్ నెట్ వాడేవాడు. ఆ ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా డౌన్‌లోడ్‌కి లెక్క లేదు. అందుకని రెండింటికి అలారం పెట్టుకుని లేచేవాడు. బాపు మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. వీళ్ళంతా బిల్లు తగ్గించుకున్నది తమ నిద్ర, తమ మాట తగ్గించుకుని. ఏం వదులుకుంటున్నారో వాళ్ళకి తెలుసు. నేను తగ్గించింది బాపు ఫోన్‌లో, చూసుకున్నది నా ఎక్సెల్ షీట్‌లో.

ఆ సాయంత్రమే బాపు సిమ్ముకి 299 వేశాను. 469లో చాలా రోజులు మిగిలిపోయాయి, పోతే పోయాయి. అన్నీ తీసేస్తే ఇప్పుడు మా ఇంటి లెక్క ఏడాదికి 17,341. మిగులు 8,873. ఇది తక్కువేం కాదు, అందులో ఒక్క రూపాయి కూడా ఎవరినీ ఇబ్బంది పెట్టింది కాదు. బీరువా పక్కన పోయింది, కీప్యాడ్ ఫోన్‌లో వాడని డేటాకి పోయింది, ఎవరూ మాట్లాడని సిమ్ముకి పోయింది. తగ్గించాల్సింది ఇలాంటివే.

షీట్‌లో ఇంకో కాలమ్ చేర్చాను, 'ఎవర్ని అడిగాను' అని. నవ్వకండి.

మొన్న మళ్ళీ మీటింగ్‌లో ఉండగా బాపు మిస్డ్ కాల్ వచ్చింది. రెండు రింగులు. మ్యూట్‌లో పెట్టి బయటికొచ్చి చేశాను. "ఏం లే బిడ్డా, తింటివా అని" అన్నాడు.