నల్లని చేదు

పోర్టరంటే మనకు రైల్వే స్టేషనులో ఎర్రచొక్కా తొడుక్కుని పెట్టె నెత్తికెత్తుకునే మనిషి. లండనులో అదొక నల్లబీరు పేరు కూడాను. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి రేవుల్లో, వీధుల్లో బరువులు మోసే కూలీలు దీన్ని ఇష్టంగా తాగేవారు. వాళ్ళ పేరే దీనికి అంటుకుంది. తాగేవాడి పేరు తాగే వస్తువుకు రావడం భాష చేసే చిలిపిపనుల్లో ఒకటి.

కిందటి వేసవిలో మా తమ్ముడి దగ్గరికి లండను బయల్దేరితే, మా అమ్మ ఆవకాయతోపాటు ఒక పనికూడా అప్పగించింది. "వాడు తాగుతున్నాడేమో కనిపెట్టి రా, నాయనా" అని. ఆ శ్రమ వాడు నాకు మిగల్చలేదు. మూడోనాటి సాయంత్రమే థేమ్సు ఒడ్డున ఒక పబ్బుకు తీసుకుపోయి, "నీ దగ్గర దాచడం నాకిష్టం లేదన్నయ్యా" అంటూ రెండు గ్లాసులు తెచ్చి బల్లమీద పెట్టాడు.

దీపానికెత్తి చూస్తే నలుపు అంచున ఎరుపు తేలింది. పైన లేత గోధుమరంగు నురగ. మంచులా ఉంటుందనుకున్నాను, కాదు, కుండలో నీళ్ళంత చల్లన. మరీ చల్లబరిస్తే రుచి మూగబోతుందన్నాడు. మనం రాగుల్ని మొలకగట్టినట్టే వీళ్ళు బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, అందులో కొంత నల్లగా వేయిస్తారు. అలా వేయించే పద్ధతికి 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన పేటెంటు పుచ్చుకున్నాడు. అంతకు మూడేళ్ళముందు, 1814 అక్టోబరు 17న, సెయింట్ జైల్స్ పేటలో పోర్టరు నిలవచేసిన పెద్ద తొట్టి ఒకటి పగిలి, ఆ వెల్లువ బీదల ఇళ్ళమీద పడి ఎనిమిదిమంది పోయారట. అది విన్నప్పుడు అమ్మ జ్ఞాపకం వచ్చింది.

ఒక గుక్క తీసుకున్నాను. ముందు వేయించిన కాఫీగింజ, వెనకాల ముదురు బెల్లంపాకం, చివర నాలుక కొసన వగరు. చేదా అంటే చేదే. వేపాకు చేదు కాదు. కాకరకాయ వేపుడులో అడుగున మాడిన ముక్క చేదు. ఆ ముక్కకోసం చిన్నప్పుడు నేనూ వీడూ కొట్టుకునేవాళ్ళం. క్లాసులో రసాస్వాదన మీద గంటలకొద్దీ చెప్పేవాణ్ణి, ఈ గుక్కకు వంటింట్లోకి వెళ్ళి మాట తెచ్చుకోవలసి వచ్చింది!

నేను సగం తాగాను. వాడు ఒక్క గ్లాసే, గంటసేపు తాగాడు. రెండోది తెస్తాడేమోనని లోపల లెక్క కడుతూనే ఉన్నాను. తేలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోను చేసింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి నావంకే చూస్తున్నాడు.

"ఒక గ్లాసు పుచ్చుకున్నాడమ్మా, నా ఎదటే. నేనూ రుచి చూశాను" అన్నాను.

అవతల చాలాసేపు మాటలేదు.

"ఆవకాయ వేసుకుంటున్నాడా?" అంది.