దాదీ ఆవాజ్, మా ఊరి కరెంటు

సౌదీలో ఉన్న మా తమ్ముడికి ఓ కొత్త ఫికర్ పట్టుకుంది. అబ్బా వినే టేపు డెక్కుకీ, యాంప్లిఫయర్‌కీ పవర్ కండిషనర్ కొనాలట. యాభై వేలు పంపుతానంటున్నాడు. మా దాదీ నాత్ చదివిన క్యాసెట్ ఒక్కటే మిగిలింది. ఆమె ఆవాజ్ సాఫ్‌గా వినబడాలని వాడి తమన్నా. కానీ ఆ పైసలు వాడు ఈద్‌కి ఇంటికి రావడానికి దాచుకున్నవి. అందుకే నేను ఒప్పుకోలేదు.

యాంప్లిఫయర్ గోడలోంచి వచ్చిన కరెంటుని ఉన్నదున్నట్టు వాడుకోదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని తగ్గిస్తుంది. డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. పెద్ద కెపాసిటర్లు సెకనుకి 100 సార్లు నిండుతూ ఆ ఎగుడుదిగుళ్లని చదును చేస్తాయి. అంటే కండిషనర్ చేస్తానన్న సఫాయీ చాలావరకు ఆ డబ్బాలోనే అయిపోతోంది. ఇక పాత క్యాసెట్‌లో వినబడే బుసబుస టేపులోనే ఉంది. దాన్ని ఏ కండిషనరూ తీయలేదు.

మా చిలకలూరిపేట వైపు కరెంటు మర్జ్ వేరు. జిన్నింగ్ మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, పొలాల్లో బోర్లు. పెద్ద మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఇళ్లలో బల్బులు డిమ్ అవుతాయి. ఎక్కడో న్యూట్రల్ తెగితే 300 దాటి కూడా రావచ్చు. మామూలు కండిషనర్ సన్నటి నాయిస్‌ని వడపోస్తుందే గానీ, పడిపోయిన వోల్టేజీని లేపదు. దానికి ఇలాజ్ స్టెబిలైజర్. హై వోల్టేజీ వస్తే కట్ చేసేది చూసి తీసుకోవాలి.

స్పీకర్లలో 'హుమ్‌మ్' అని మోత వస్తోందంటే కండిషనర్‌కి పరుగెత్తకండి. ఒక్కో వైరూ తీసి చూడండి. మా ఇంట్లో కేబుల్ టీవీ వైరు పీకగానే మోత ఖతం. రెండు దారుల్లో ఎర్త్ కలిస్తే వచ్చే తక్లీఫ్ అది.

అసలు జరూరత్ ఎర్తింగ్. మనది నల్లరేగడి. తడిగా ఉన్నన్నాళ్లూ ఎర్త్ బాగుంటుంది. ఎండాకాలం నేల నెర్రెలిచ్చి రాడ్డుని వదిలేస్తుంది. గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో రోజూ బిందెడు నీళ్లు పోయాలి.

కండిషనర్ పూరాగా ఫిజూల్ అనను. పక్కనే వెల్డింగ్ షాపు ఉండి, అది నడిచినప్పుడల్లా స్పీకర్లలో చిటపటలొస్తుంటే ఫాయిదా ఉండొచ్చు. అయినా ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చి, రెండు రోజులు విన్నాకే పైసలు తీయండి.

అబ్బా అంతా విని ఫైసలా చెప్పారు. స్టెబిలైజర్ కొన్నాం, ఎర్త్ గుంట కొత్తగా తవ్వించాం. టేపు తెగితే మళ్లీ దొరకదు కదా, క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తమ్ముడికీ పంపాం. కింద అబ్బా ఒక ముక్క చేర్చమన్నారు: "దాదీ ఆవాజ్ నీకక్కడే వినిపిస్తుంది బేటా. ఆ పైసలతో టికెట్ తీసుకో. మీ అమ్మీ ఇంతెజార్‌లో ఉంది."