ఇంజన్ కొనే ముందే గేరుబాక్సు లెక్క

బిష్టుపూర్ వైపు నుంచి ఖర్కాయి వంతెన దాటితే జంషెడ్‌పూర్ వెనక్కి పోయి ఆదిత్యపూర్ వస్తుంది. జంషెడ్‌పూర్‌లోని టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, 1945లో రైలింజన్ల కోసం పుట్టింది. 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు కట్టడం మొదలుపెట్టింది. ఆ లారీలకు విడిభాగాలు చేసే షెడ్లు ఇప్పుడు ఆదిత్యపూర్ నిండా ఉన్నాయి. 1993లో ఇంజన్లు చేసే టాటా కమిన్స్ కూడా జంషెడ్‌పూర్‌లోనే ఏర్పడింది. ఇంజన్ గురించి చెప్పేవాళ్ళకు ఇక్కడ కొదవ లేదు. నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పి బిగించే మనిషి కోసం.

ఆ మేస్త్రిగారి తాతగారు ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చారట. మూడు తరాలు గడిచినా ఆయన మాటలో ఉత్తరాంధ్ర యాస పోలేదు. బల్ల మీద ఒక గేరుబాక్సు విప్పి ఉంది. స్టీలు ప్లేట్లు ఒక వరస, క్లచ్ ప్లేట్లు ఒక వరస. కొన్ని ప్లేట్లు నల్లగా మాడిపోయాయి, గోరుతో గీకితే పొడి రాలుతోంది.

‘‘ఇంజన్ బలం పెంచారు బాబూ, గేరుబాక్సుకి ఆ సంగతి చెప్పలేదు,’’ అన్నారాయన.

అప్పుడే ఒక కుర్రాడు తన పాత డీజిల్ ఎస్‌యూవీతో వచ్చాడు. ఇంజన్ మార్చి ఆటోమేటిక్ పెట్టించుకోవాలని అతని కోరిక. హార్స్‌పవర్ అంకెలు చెప్పబోతే మేస్త్రిగారు ఆపారు. ‘‘టార్క్ ఎంత తమ్ముడూ? ఎన్ని ఆర్‌పీఎం దగ్గర?’’

ఆ ప్రశ్న ఎందుకో అర్థం కావడానికి టాటా హారియర్ మంచి ఉదాహరణ. 2019లో 140 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్)తో వచ్చిన ఆ బండి 2020లో 170 పీఎస్‌కి పెరిగింది, ఆటోమేటిక్ కూడా అప్పుడే వచ్చింది. టార్క్ మాత్రం 350 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంది. గేరుబాక్సులోని షాఫ్టులూ క్లచ్‌లూ మోసేది మెలితిప్పే ఆ బలాన్నే. సఫారీ స్టార్మ్‌లో దీనికి భిన్నంగా జరిగింది. 2015లో టార్క్ 320 నుంచి 400కి పెరిగినప్పుడు అయిదు గేర్ల పెట్టె పోయి ఆరు గేర్లది వచ్చింది. అదే 400 ఇంజన్ 2017లో హెక్సాలో ఆరు గేర్ల ఆటోమేటిక్‌తో నడిచింది. తయారీదారే ఇంజన్‌నీ గేరుబాక్సునీ జంటగా చూస్తున్నప్పుడు షెడ్డులో మనం విడదీసి చూడకూడదు.

కుర్రాడు ఎంచుకున్న ఇంజన్ టార్క్ 450. మేస్త్రిగారు గోడ మీద సుద్దతో రాశారు. జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల పెట్టెల్లో 8హెచ్‌పీ45 అంటే 450 న్యూటన్ మీటర్ల తరగతి, 8హెచ్‌పీ70 అంటే 700 తరగతి. ఆ హెచ్‌పీకి హార్స్‌పవర్‌తో సంబంధం లేదు. 450 ఇంజన్‌కి 450 పెట్టె కాగితం మీద సరిపోతుంది. కానీ బరువు, ఎత్తు, ఎండ కలిసినప్పటికి కనీసం పాతిక శాతం మిగులు ఉండాలన్నది ఆయన పట్టు. అంటే 560 దాటాలి. రేపు ఇంకా పెంచే ఆలోచన ఉంటే దాన్నీ ఇప్పుడే లెక్కలో వేయమన్నారు.

తర్వాత, ఇంజన్‌నీ గేరుబాక్సునీ ఆయిల్ ద్వారా కలిపే టార్క్ కన్వర్టర్. గేరులో ఉన్న బండి కదలకుండా నిలిచి ఉండగా పూర్తి యాక్సిలరేటర్ ఇస్తే ఇంజన్ ఎంత వేగం దాకా తిరగగలదో అది స్టాల్ స్పీడ్. టర్బో డీజిల్ కింది ఆర్‌పీఎంలోనే బలం ఇస్తుంది కాబట్టి దానికి తక్కువ స్టాల్ చాలు. పై ఆర్‌పీఎంలో లేచే పెట్రోల్ ఇంజన్‌కి ఎక్కువ కావాలి. పాత కన్వర్టర్‌నే బలమైన ఇంజన్‌కి బిగిస్తే స్టాల్ స్పీడ్ దానంతటదే పైకి పోతుంది, జారుడుతో పాటు వేడీ పెరుగుతుంది.

మాడిన ప్లేట్ల కథ ఇక్కడే తేలింది. క్లచ్‌లను అదిమిపట్టే ఆయిల్ ఒత్తిడి ఎంత ఉండాలో కంట్రోలర్ ఇంజన్ టార్క్ చూసి నిర్ణయిస్తుంది. దానికి పాత అంకెలే తెలిస్తే పాత ఒత్తిడే ఇస్తుంది. ప్లేట్లు జారి కాలిపోతాయి. ఇంజన్‌తో మాట్లాడగల కంట్రోలర్ లేకుండా గేరుబాక్సు ఒక్కటే కొనడం దండగ.

వేడి గురించి ఆయన గట్టిగా చెప్పారు. రాంచీ దారిలో తైమారా ఘాటీ మే నెల మధ్యాహ్నం ఎక్కే బండికి రేడియేటర్‌లోని చిన్న కూలర్ సరిపోదని, విడిగా ఆయిల్ కూలరూ ఉష్ణోగ్రత మీటరూ పెట్టాల్సిందేనని అన్నారు.

నాకు కొత్తగా తెలిసింది చివరి లెక్క. నిలిచిన బండిలో కన్వర్టర్ టార్క్‌ని సుమారు రెట్టింపు చేస్తుంది. ఆ ఎనిమిది గేర్ల పెట్టెలో మొదటి గేరు నిష్పత్తి 4.7. 450ని రెండుతో, మళ్ళీ 4.7తో గుణిస్తే, గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద 4,200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. గేరుబాక్సు తట్టుకున్నా వెనక యాక్సిల్ తట్టుకోవాలిగా!

చట్టం మాట కూడా ఆయనే ఎత్తారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇంజన్ మార్చడానికి ముందే అనుమతి కావాలి. తయారీదారు ఇచ్చిన మూల రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ‘‘జిల్లా రవాణా ఆఫీసు, అదే డీటీఓ, కాగితం తెచ్చాకే నేను పానా పడతాను,’’ అన్నారు.

కుర్రాడు ఇంజన్‌కి అడ్వాన్స్ ఇవ్వడం వాయిదా వేసుకున్నాడు. అతని జాబితాలో ఇప్పుడు వరస మారింది: ముందు అనుమతి, తర్వాత యాక్సిల్ పరీక్ష, ఆపైన 700 తరగతి గేరుబాక్సు, కంట్రోలర్, కన్వర్టర్, కూలర్. ఇంజన్ అన్నిటికన్నా చివర. బలం పెంచాలనుకునే ప్రతివాళ్ళూ ఈ వరసే పాటించాలని నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఇంజన్ ఎంత ఇవ్వగలదన్నది సగం లెక్కే. దాని వెనక ఉన్నవన్నీ ఎంత మోయగలవో తేలితేనే డబ్బూ బండీ నిలుస్తాయి, అందులో కూర్చునే మనుషులు క్షేమంగా ఇల్లు చేరతారు.